ఏరా అల్లుడూ, ఎంతమందిని లేపావ్?

ఇప్పుడే గుంటూరులో పెళ్ళి నుంచి ఇంటికొచ్చాను. పట్టుచీర కూడా మార్చుకోలేదు. ముందు ఇది రాసేయాలి, లేకపోతే రాత్రికి నిద్ర పట్టదు.

మా తమ్ముడు మద్రాస్ సాపర్స్‌లో, అంటే ఆర్మీ ఇంజనీర్ల దళంలో, హవల్దార్. ఏడాదిన్నర తర్వాత ఇరవై రోజులు సెలవు దొరికింది. పడుకోరా అంటే వినకుండా అమ్మ మొహం చూసి పెళ్ళికి వచ్చాడు. రెండో బంతిలో కూర్చున్నాం. విస్తట్లో గోంగూర పడిందో లేదో, ఎదురు బల్ల మీద నుంచి మా మావయ్య (అమ్మకి పెదనాన్న కొడుకు) పక్కన నలుగురికీ వినపడేలా, "ఏరా అల్లుడూ, ఇప్పటిదాకా ఎంతమందిని లేపావ్?"

వాడు నవ్వి, "ఎవర్నీ లేదు మావయ్యా" అని పప్పన్నం కలుపుకున్నాడు. "మరి ఇన్నేళ్ళూ అక్కడ చపాతీలు ఒత్తావా?" బంతి బంతంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. అదే నా మంట. పెద్దాయన జోకేస్తే నవ్వాలి కదా, అలవాటు కొద్దీ నవ్వేశాను.

ఏం చేశాడో చెప్తాను వినండి మావయ్యా. మీరెలాగూ చదవరు, ఆగస్టు పదిహేనుకి జెండా బొమ్మ పెట్టడానికి తప్ప ఇటువైపు రారు. సాపర్ల పని దారి వేయడం, వంతెన కట్టడం, మందుపాతరలు తీయడం. నేల మీద బోర్లా పడుకుని ఊచని ఏటవాలుగా మట్టిలోకి గుచ్చుతూ అంగుళం అంగుళం వెతకాలి, నిటారుగా గుచ్చితే అంతే సంగతులు. ఇదంతా వాడు నాకు చెప్పింది కూడా ఒక్కసారే, అదీ కరెంటు పోయి డాబా మీద పడుకున్న రాత్రి.

మీకు పతకాలే కావాలంటే, 1948 ఏప్రిల్‌లో జమ్మూ కశ్మీర్‌లో నౌషేరా నుంచి రాజౌరీ వెళ్ళే దారి నిండా మందుపాతరలు, నరికి అడ్డం పడేసిన చెట్లు. సెకండ్ లెఫ్టినెంట్ రామ రఘోబా రాణే, ఆయనా సాపరే, గాయమయ్యాక కూడా ఆ దారి మీదే ఉండి, ట్యాంకు కింద పాక్కుంటూ దాన్ని ముందుకు నడిపించాడు. దారి తెరిచినందుకు పరమవీరచక్ర ఇచ్చారు మావయ్యా, దారి తెరిచినందుకు! బతికుండగా ఆ పతకం దక్కిన తొలి మనుషుల్లో ఆయన ఒకరు. ఆయన్ని కూడా మీ బంతిలో కూర్చోబెట్టి లెక్క అడిగేవారేమో.

మావయ్య మాట్లాడితే "మాది పల్నాటి రక్తం" అంటాడు. ఏ పల్నాడు? కోడిపందెం దగ్గర రాజుకుని కారంపూడిలో అన్నదమ్ములు నరుక్కున్న ఆ పల్నాడేగా. పుల్లరి (అడవిలో పశువుల మేతకి పన్ను) కట్టనని నిలబడి 1922లో తూటాలు తిన్న కన్నెగంటి హనుమంతుదీ ఆ పల్నాడే, ఆ సంగతి మాత్రం ఎత్తడు. ఈయన గారు ఉంటున్న అపార్ట్‌మెంట్‌లో మూడేళ్ళుగా లిఫ్ట్ మెయింటెనెన్స్ లెక్కల్లేవు. మీటింగ్‌లో ప్రెసిడెంట్‌ని అడగమంటే "మనకెందుకమ్మా లేనిపోని గొడవ" అన్నది ఈ పల్నాటి రక్తమే!

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. అందరం కృష్ణ ఎంత వస్తోందా అని చూస్తుంటే వెనక నుంచి బుడమేరు వాగు వచ్చి విజయవాడలో మా సింగ్ నగర్‌ని ముంచింది. మేం మేడ మీద, అమ్మ బీపీ మాత్రలు కింద నీళ్ళలో. తమ్ముడు ఎక్కడో కొండల్లో ఉండి ఫోన్ మీద ఫోన్. మెట్ల దాకా వచ్చిన నీళ్ళని మోకాళ్ళ దాకానే అని వాడికి అబద్ధం చెప్పాను. మావయ్య నుంచి ఏమొచ్చింది? "ధైర్యంగా ఉండండి" అని ఒక దండం బొమ్మ. మా వీధికి మొదట వచ్చింది ట్రాక్టర్ ట్యూబు మీద గిన్నె కట్టుకుని ఈదుకుంటూ వచ్చిన ఒక కుర్రాడు. పాల ప్యాకెట్లు, నీళ్ళ సీసాలు. మాత్రల పేరు కాగితం మీద రాసిస్తే నోట్లో పెట్టుకుని వెళ్ళి మళ్ళీ తెచ్చాడు. డబ్బులిస్తే తడిసిపోతాయక్కా, తర్వాత ఇద్దురుగానిలే అన్నాడు. మళ్ళీ కనపడలేదు. పేరడగలేదు నేను, ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ బుడమేరు గండి పూడ్చడానికి దిగిన వాళ్ళలో ఆర్మీ ఇంజనీర్లూ ఉన్నారు, ఇనప వల బుట్టల్లో రాళ్ళు నింపి. వాళ్ళని కూడా అడగండి, చపాతీలు ఒత్తారా అని.

సరే, అసలు కడుపుమంట చెప్పేస్తాను. ఆ "అల్లుడూ" అనే పిలుపు. ఆరేళ్ళ క్రితం అమ్మ నోరు తెరిచి పిల్లనడిగింది. మరదలికీ ఇష్టమే, నాకు తెలుసు. "జీతం సరిపోదే చెల్లాయ్, హైదరాబాద్ సంబంధం చూస్తున్నాం" అన్నాడు. చేశాడు, ఆ అబ్బాయి మంచివాడే, పిల్ల సుఖంగానే ఉంది, వాళ్ళతో నాకేం గొడవ లేదు. "భయమేస్తోందే, రేపు వాడికేమన్నా అయితే నా కూతురి గతేంటి" అని ఉంటే అమ్మ కాళ్ళు కడిగి కాఫీ ఇచ్చి పంపేది. మా అమ్మకి లేదా భయం? తమ్ముడి ఫోన్ రెండు రోజులు కలవకపోతే దుర్గమ్మ కొండ మెట్లెక్కి వస్తుంది, అరిగిన మోకాళ్ళతో. భయాన్ని జీతం కింద దాచుకున్న మనిషి, ఇవాళ బంతిలో కూర్చుని నా తమ్ముడి ధైర్యానికి మార్కులేస్తున్నాడు.

కార్లో మంగళగిరి దాటేదాకా తిడుతూనే ఉన్నాను. వాడు కిటికీ దించుకుని పాత పాటలు వింటూ కూర్చున్నాడు. వారధి మీదకొచ్చాక "వదిలెయ్ అక్కా, పెద్దాయన" అన్నాడు, అంతే.

ఇది రాస్తుంటేనే మెసేజ్ వచ్చింది మావయ్య నుంచి. "అమ్మాయ్, పెళ్ళి గోలలో మర్చిపోయా. అల్లుడ్ని అడుగు, క్యాంటీన్ రమ్ము ఓ రెండు బాటిళ్ళు దొరుకుతాయేమో."

ఫోన్ తమ్ముడి మొహం ముందు పెట్టాను. "బ్యాగులో ఉన్నాయిలే, ఆయన కోసమే తెచ్చా" అంటున్నాడు వెధవ.