శాస్త్రవేత్తల తలకాయలు

శాస్త్రవేత్తల తలల గురించి నాకు ఈ మధ్య బెంగ పట్టుకుంది. మన యూట్యూబ్ ఛానళ్ళ ప్రకారం ప్రపంచంలో ఉన్న శాస్త్రవేత్తలంతా ఏళ్ళ తరబడి తలలు పట్టుకునే కూర్చున్నారు. అమెరికాలో రాయి కదిలితే తలలు పట్టుకున్నారు. అంటార్కిటికాలో నీళ్ళు ఎర్రగా కారితే పట్టుకున్నారు. వెనెజువెలాలో మెరిస్తే మళ్ళీ పట్టుకున్నారు. అంతసేపు పట్టుకుంటే మెడలు ఏం కావాలి? చేతులు తిమ్మిరెక్కవా? అన్నం ఎవరు తినిపిస్తున్నారు?

బెంగకు కారణం మా ఫ్యామిలీ గ్రూపులోకి వచ్చి పడ్డ ఒక వీడియో. "వాటంతట అవే నడిచే రాళ్ళు! సైన్స్‌కే సవాల్! చివరిదాకా చూడండి!" థంబ్‌నెయిల్ మీద ఒక రాయి, దాని చుట్టూ ఎర్ర సున్నా, ఆ సున్నా వైపు ఎర్ర బాణం. రాయి ఎక్కడుందో మనకు కనబడదేమోనని కాబోలు. ఫొటోలో రాయి తప్ప ఇంకేమీ లేదు. వెనకాల దెయ్యాల సినిమా మ్యూజిక్. మొదటి సగం "ఫ్రెండ్స్, మీరు నమ్మలేరు" అనడానికే సరిపోయింది. ఆ తర్వాత గ్రహాంతరవాసులు వచ్చారు, అయస్కాంత శక్తి వచ్చింది, శాపం వచ్చింది, మధ్యలో రమ్మీ యాప్ ప్రకటన వచ్చింది. చివర్లో గొంతు తగ్గించి, "ఈ రహస్యం ఈ రోజుకీ ఎవరికీ అంతుచిక్కలేదు ఫ్రెండ్స్" అన్నాడు.

చిక్కింది నాయనా. 2014 ఆగస్టులోనే చిక్కింది. రాళ్ళకు జీపీఎస్ కట్టి, అవి కదులుతుండగా కళ్ళారా చూసి, కెమెరాతో తీసి, పరిశోధన పేపరు అచ్చు వేశారు. పైసా కట్టకుండా ఎవరైనా చదువుకోవచ్చు. అయినా మనవాళ్ళు ఆ శాస్త్రవేత్తల చేతుల్ని తలల మీంచి దించనివ్వరు.

వీళ్ళ ఊహలో సైన్స్ ఎలా జరుగుతుందో ఆలోచిస్తే నాకొక ఆఫీసు కనిపిస్తుంది. అంతర్జాతీయ తలపట్టు సంస్థ. ఉదయం తొమ్మిదిన్నరకు హాజరు. వేలిముద్ర వెయ్యాలంటే ఒక చెయ్యి తల మీంచి తియ్యాలి కాబట్టి, మొహం చూపిస్తే చాలని యూనియన్ వాళ్ళు కొట్లాడి సాధించుకున్నారు. జూనియర్ సైంటిస్టు ఒక చేత్తోనే తల పట్టుకోవాలి. సర్వీసు రెగ్యులర్ అయ్యాక రెండో చెయ్యి శాంక్షన్ అవుతుంది. డైరెక్టర్ స్థాయికి చేరితే ఆయన తల పట్టుకోవడానికి వేరే అటెండర్ ఉంటాడు. భోజనాలయ్యాక రాయిని తెచ్చి బల్ల మీద పెడతారు. అందరూ చుట్టూ నిలబడి "ఆఁ!" అంటారు. మినిట్స్ బుక్కులో "అనడమైనది" అని రాసి సంతకాలు చేస్తారు. సంతకం వంతు వచ్చినవాడి తల పక్కవాడు పట్టుకుంటాడు. మార్చి నెలాఖరుకి ఆడిట్ పార్టీ దిగుతుంది. ఈ ఏడాది ఎన్ని రహస్యాలను వీడకుండా కాపాడారు, కిందటేడు కంటే తగ్గాయేం అని నిలదీస్తుంది. కొత్తగా చేరిన కుర్రాడొకడు, పాపం, "సార్, ఒకసారి చలికాలంలో అక్కడికెళ్ళి చూసొద్దామా?" అన్నాడట. క్రమశిక్షణ చర్య కింద వాడి రెండు చేతులూ జేబుల్లో పెట్టించారు. ఇప్పుడు వాడి వైపు ఎవరూ చూడరు. క్యాంటీన్‌లో కూడా విడిగా కూర్చుంటాడు.

అసలు జరిగింది వేరు. కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీ ఎడారిలో ఒక మూల రేస్‌ట్రాక్ ప్లాయా అని ఎండిపోయిన సరస్సు ఉంది. నాలుగున్నర కిలోమీటర్ల పొడవున పగుళ్ళిచ్చిన చదును నేల. పక్క కొండల నుంచి జారిపడ్డ రాళ్ళు అక్కడక్కడా ఉంటాయి. ఒక్కోదాని వెనక, ఎవరో ఈడ్చుకెళ్ళినట్టు, పొడవాటి చార. చుట్టుపక్కల మనిషి అడుగు గానీ జంతువు అడుగు గానీ ఉండదు. వింతే, కాదనడానికి లేదు. 1948 నుంచీ భూగర్భ శాస్త్రవేత్తలు దీని వెంట పడ్డారు. నేలను తడిపి, విమానం ప్రొపెల్లర్‌తో గాలి కొట్టించి చూసినవాళ్ళున్నారు. షార్ప్, కేరీ అనే ఇద్దరు 30 రాళ్ళను ఎంచుకుని, మేరీ ఆన్ అని, నాన్సీ అని, కేరెన్ అని పేర్లు పెట్టి, ఏడేళ్ళు వాటి బాగోగులు కనిపెట్టి 1976లో వివరాలు ప్రచురించారు. అందులో కేరెన్ బరువు 300 కిలోల పైమాటే. ఏడేళ్ళూ ఉన్నచోటు నుంచి అంగుళం కదల్లేదు. (ఇలాంటివాళ్ళు మనకు ప్రతి ఆఫీసులోనూ తెలుసు.)

2011లో రిచర్డ్ నోరిస్, జేమ్స్ నోరిస్ అనే అన్నదమ్ముల వరసవాళ్ళు, రాల్ఫ్ లోరెంజ్ అనే గ్రహాల శాస్త్రవేత్త, ఇంకొందరు కలిసి రంగంలోకి దిగారు. డెత్ వ్యాలీ జాతీయ పార్కు. అక్కడి రాళ్ళకు కన్నాలు పెట్టడానికి వీల్లేదని పార్కువాళ్ళు అడ్డం చెబితే, అలాంటివే 15 రాళ్ళు బయటి నుంచి తెచ్చుకున్నారు. ఒక్క రాయికి కన్నం పెట్టనివ్వని ప్రభుత్వ శాఖ! ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, ముందు పని ఉంది. రాళ్ళలో జీపీఎస్ అమర్చి, పక్కన గాలి కొలిచే యంత్రం పెట్టి, కాచుక్కూర్చున్నారు. ప్రపంచంలోకెల్లా బోరు కొట్టే ప్రయోగం ఇదేనని లోరెంజ్ అన్నాడట. 2013 డిసెంబర్‌లో నోరిస్‌లు వెళ్ళేసరికి ప్లాయా మీద ఏడు సెంటీమీటర్ల లోతున నీళ్ళు నిలిచి ఉన్నాయి. రాత్రి చలికి ఆ నీళ్ళ మీద మంచు కట్టేది. మందం మూడు నుంచి ఆరు మిల్లీమీటర్లు, అప్పడం కంటే కాస్త ఎక్కువ. పొద్దెక్కాక ఎండకు అది పెటపెటా పగిలి, పెద్ద పెద్ద పలకలుగా తేలుతూ, మామూలు గాలికే కదిలి రాళ్ళను నెట్టుకుంటూ పోయింది. కింద మెత్తటి బురద. నిమిషానికి నాలుగైదు మీటర్లకు మించని నడక. డిసెంబర్ 20న అరవైకి పైగా రాళ్ళు ఒకేసారి బయల్దేరాయి. పక్కనున్నవన్నీ కలిసి కదులుతుంటే, దూరం నుంచి చూసేవాడికి కదులుతున్నట్టే తెలియదు.

ఎన్ని కుదరాలో చూడండి. ఎడారిలో వాన పడాలి. ఆ నీళ్ళు ఇంకేలోపు గడ్డకట్టేంత చలి రావాలి. నీళ్ళు మరీ లోతైతే రాయి మునుగుతుంది, మరీ తక్కువైతే మంచు తేలదు. మర్నాడు ఎండ కాయాలి, అదే పూట గాలి వీచాలి. ఏ దెయ్యమూ ఇంత లెక్క చూసుకోదు. ఇంత అందమైన సంగతి చేతిలో ఉండగా, దాన్ని పక్కన పారేసి "అంతుచిక్కలేదు" అనేవాణ్ణి ఏమనాలి?

ఆ పేపరు లింకు గ్రూపులో పెట్టాను. పది నిమిషాల్లో మా బాబాయి దగ్గర్నుంచి జవాబు. "నువ్వు మంచు గురించి చెబుతున్నావురా అబ్బాయ్. నేను పెట్టింది రాయి గురించి." కింద పదకొండు దండాలు, బొటనవేళ్ళు. అన్నీ ఆయనకే.

మిగతా వింతల పరిస్థితీ ఇంతే. అంటార్కిటికాలో టేలర్ హిమానీనదం కొస నుంచి నెత్తురులా కారే ధారను 1911లో గ్రిఫిత్ టేలర్ చూశాడు, ఎర్ర నాచు అనుకున్నాడు. కాదు. మంచు కింద ఎన్నో లక్షల ఏళ్ళుగా చిక్కుబడ్డ ఉప్పునీరు అది, నిండా ఇనుము. బయటికొచ్చి గాలి తగలగానే తుప్పు పడుతుంది. ఆ చీకట్లో, ప్రాణవాయువు లేనిచోట బతికే సూక్ష్మజీవులు కూడా దొరికాయి. మన వీడియోల్లో మాత్రం అది "భూమాత రక్తం". వెనెజువెలాలో కటటుంబో నది మరకైబో సరస్సులో కలిసేచోట ఏడాదిలో మూడొందల రాత్రుల దాకా మెరుపులే. మూడు వైపులా కొండలు, కింద వెచ్చటి నీళ్ళు, సముద్రం మీంచి తేమ గాలి. రాత్రయితే అన్నీ అక్కడే పోగై పైకి లేస్తాయి. దేవతల యుద్ధమట! 2020 జూన్‌లో మహారాష్ట్రలోని లోణార్ సరస్సు గులాబీ రంగుకు తిరిగింది. నీళ్ళు తగ్గి, ఉప్పు పెరిగి, ఉప్పంటే ఇష్టపడే సూక్ష్మజీవులు విజృంభించాయని పుణె శాస్త్రవేత్తలు పరీక్ష చేసి చెప్పారు. ఆ ఏడాది మన టీవీలకు కరోనా ఉంది కాబట్టి సరస్సు తేలిగ్గా బయటపడింది.

ఇంతకీ నడిచే రాళ్ళు చూడాలని అంత మోజుంటే డెత్ వ్యాలీ దాకా దేనికి? హైదరాబాద్‌లో నడిచినంత వేగంగా రాళ్ళు ఇంకెక్కడా నడవవు. సాయంత్రం రాయదుర్గం వైపు కనబడ్డ గుట్ట నెల తిరిగేసరికి ఉండదు. మంచు అక్కర్లేదు, గాలి అక్కర్లేదు. ఒక "ధన్"మనే చప్పుడు, కిటికీ అద్దాలు అదరడం, తెల్లారితే టిప్పర్ల వరస. గ్రహాంతరవాసుల పనే అయ్యుంటుంది. లేకపోతే ఇన్ని శాఖలు, ఇందరు అధికారులు ఉన్న ఊళ్ళో ఒక్కరికీ కనబడకుండా కొండ ఎలా వెళ్ళిపోతుంది?

ఆ రాళ్ళ వయసు 250 కోట్ల ఏళ్ళు. డైనోసార్లు పుట్టేనాటికే వీటికి 200 కోట్లు దాటిపోయాయి. భూమి లోపల ఎక్కడో కరిగి ఉన్న రాయి నిదానంగా చల్లబడి గ్రానైట్ అయింది. పైనున్నదంతా అరిగిపోయాక బయటపడింది. పగుళ్ళ వెంట నీళ్ళు దిగి, మూలలు ముందు కరిగి, గుండ్రాళ్ళు మిగిలాయి. ఒకదాని మీద ఒకటి, ఇప్పుడో ఇంకాసేపటికో పడిపోతుందన్నట్టు, ఎవరూ పేర్చకుండానే నిలబడ్డాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో పుట్టగొడుగు రాయి ఉంది, వెళ్ళి చూడండి. దీని మీద వీడియో తీసి ఎర్ర బాణం పెట్టేవాడు ఒక్కడూ లేడు. రాళ్ళను పేల్చేసి కట్టిన విల్లాల గేటు మీద మాత్రం ఏదో ఒక "రాక్" పేరు ఇంగ్లీషులో చెక్కుతారు. లోపల లాన్‌లో సిమెంటుతో చేసిన బండలు పెడతారు. సిగ్గు లేదా?

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల సంగతి ఇంకా ఘోరం. అంటార్కిటికా నెత్తుటి ధార గురించి నోరు వెళ్ళబెట్టే విశాఖ జనానికి తమ ఊరి పక్కనే అదే తుప్పు రంగు, కొండలంత ఎత్తున ఉంది. కిందటి మంచుయుగంలో సముద్రం వెనక్కి పోయి, అడుగునున్న ఇసుక బయటపడితే, గాలి దాన్ని ఒడ్డుకు తోలుకొచ్చి దిబ్బలు పోసింది. ఇసుకలో ఉన్న ఇనుప ఖనిజాలు వేల ఏళ్ళు గాలికీ వానకీ ఎర్రబడ్డాయి. వాన నీళ్ళే లోయలు కోశాయి. ఇలాంటివి తమిళనాడులో ఒకచోట, శ్రీలంకలో ఒకచోట తప్ప ఈ చుట్టుపక్కల దేశాల్లో లేవంటారు. 2014లో భౌగోళిక వారసత్వ స్థలమని బోర్డు పెట్టారు. అందులో దశాబ్దాలుగా మనవాళ్ళు చేసింది హీరో హీరోయిన్లను పరిగెత్తించడం. అదైనా నయం, పరిగెత్తి వెళ్ళిపోయారు. 2024 జూలైలో ఇళ్ళ స్థలాల కోసం యంత్రాలు దిగాయి. చదును చేస్తూ పోయాయి. ఫొటోలు బయటికొచ్చి గొడవయ్యాక ఆగాయి. గొడవ అవకపోతే? ఆ ఇసుక ఎంతకాలానిదో ఆ యంత్రం నడిపేవాడికి తెలియకపోవచ్చు, వాడి తప్పేం లేదు. అనుమతి కాగితం మీద సంతకం పెట్టినవాడికి తెలియదా? అక్కడ డెత్ వ్యాలీలో పరిశోధనకని అడిగినా ఒక్క రాయికి చిల్లు పెట్టనివ్వలేదు. ఇక్కడ దిబ్బకు దిబ్బనే లారీలకెత్తుతుంటే అడిగే నాథుడు లేడు. ఎప్పుడో ఒక ప్రళయం చూపిస్తామని ఊరించే ఛానళ్ళలో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, అక్కడికి కెమెరా తీసుకెళ్ళి రోజంతా నిలబడిందా? నిలబడదు. అక్కడ రహస్యం ఏమీ లేదు కదా. ఎవరు తవ్వారో, ఎందుకు తవ్వారో, ఎవరు ఊరుకున్నారో ఊళ్ళో అందరికీ తెలుసు.

2025 సెప్టెంబర్‌లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో ఈ దిబ్బలకు చోటు దొరికింది. సంతోషం. ఆ జాబితా చూసి విదేశీ నిపుణులు వచ్చేనాటికి చూపించడానికి దిబ్బ మిగలాలి. పోతే మళ్ళీ తయారు కావాలంటే ఇంకో మంచుయుగం రావాలి, సముద్రం కిలోమీటర్ల కొద్దీ వెనక్కి పోవాలి, ఆ ఇసుకను గాలి మోసుకురావాలి. మొదటి రెండూ ఎప్పటికైనా జరగొచ్చు. మూడోది జరిగే పని కాదు. సముద్రం వెనక్కి వెళ్ళిన మర్నాటికల్లా మనవాళ్ళు ఆ ఇసుక మీద హద్దురాళ్ళు పాతి, సున్నం కొట్టి, ప్లాట్ నంబర్లు వేసేస్తారు.