పంది బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ వేసుకుని తిరగదు

మా డాలస్ వాట్సాప్ గ్రూపులో నెలకోసారైనా ఈ ప్రశ్న పడుతుంది. "అన్నా, గ్రీన్‌కార్డ్ వచ్చేసింది, మొదటి రైఫిల్ కొందామనుకుంటున్నా. .223 తీసుకోనా, .308 తీసుకోనా?" అడిగినవాడు అడిగి ఊరుకుంటాడు. ఇక మొదలు. "తమ్ముడూ, కొంటే .308 కొను, మిగతావన్నీ పిల్లలాట" అని ఒకాయన తీర్పు చెప్పేస్తాడు. ఆయన రైఫిల్ మూడేళ్లుగా బీరువా గడప దాటలేదని గ్రూపులో సగంమందికి తెలుసు.

(గ్రీన్‌కార్డ్ ఇంకా రానివాళ్లకు ఒక్క మాట. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు తుపాకి పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం. హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపులు ఉన్నాయి గానీ, వాటి సంగతి లాయర్‌ని అడగండి, గ్రూపుని కాదు.)

ఈ గొడవంతా ఏంటో తెలియనివాళ్లకు మన లెక్కలో చెప్తా. .223, .308 అంటే ఇంచుమించు అంగుళాల్లో బుల్లెట్ లావు. చిన్నప్పుడు కానిస్టేబుల్ భుజాన వేలాడిన త్రీ నాట్ త్రీ, ఆ తర్వాత వచ్చిన ఎస్ఎల్ఆర్, ఇవి ఫుల్ పవర్ జాతి. ఏకే-47, ఇన్సాస్ మధ్యరకం. .308 ఇంచుమించు ఎస్ఎల్ఆర్ తూటాయే, .223 ఇంచుమించు ఇన్సాస్ తూటాయే (ఆర్మీ వీటిని మిల్లీమీటర్లలో 7.62×51, 5.56 అంటుంది). .223లో మామూలు బుల్లెట్ 55 గ్రెయిన్లు, అంటే మూడున్నర గ్రాములు. .308లో 150 గ్రెయిన్లు, దాదాపు పది గ్రాములు. గొట్టం దాటేటప్పుడు చిన్నదాని శక్తి 1,280 ఫుట్-పౌండ్ల దగ్గర, పెద్దదానిది 2,650 దగ్గర. రెట్టింపు. ఈ ఒక్క అంకె చూసే జనం పడిపోతారు. అదే బరువున్న రైఫిల్లో .308 భుజాన్ని నాలుగైదు రెట్లు ఎక్కువ తంతుందన్న అంకె మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

ఇక ఆర్మీ వాదన. దీనికి నాకు నిజంగా ఒళ్లు మండుతుంది. "2022లో అమెరికా ఆర్మీయే ముందువరస సైనికులకి 5.56 బదులు 6.8 రైఫిల్ ఎంచుకుంది, ఇంకా నువ్వు .223 అంటావేంటి?" అని ఒకరు. హైదరాబాద్ నుంచి మా బావమరిది ఫోన్ చేసి, "బావా, మన రక్షణ శాఖ కూడా 2019లో 72,400 సిగ్ రైఫిళ్లు ఆర్డరిచ్చింది, ఎక్కువ భాగం ఆర్మీకే, అన్నీ 7.62×51" అని మరోటి. నిజమే. అదే ఆర్మీ కోసం అమేఠీలో తయారవుతున్న ఏకే-203 మధ్యరకం తూటాదేనన్నది మాత్రం వాడు మింగేశాడు. అమెరికా వాళ్లు 6.8కి వెళ్లడానికి ఒక ముఖ్య కారణం శత్రువు ఒంటి మీది కవచం. టెక్సస్ పంది బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ వేసుకుని తిరగదు కదా సామీ!

ఆ మాటకొస్తే, "ఆర్మీ వాడింది కాబట్టి .223 మంచిది" అనేవాళ్లదీ అంతే తప్పు. సైనికుడు తూటాల బరువు మోసుకు తిరగాలి. తొడుగు, మందుతో కలిపి 5.56 తూటా ఒక్కోటి 12 గ్రాములైతే 7.62ది దానికి రెట్టింపు. వరసగా పేల్చినా తుపాకి చేతిలో నిలవాలి. అవి వాళ్ల బాధలు. వేటకెళ్లేవాడి జేబులో పది తూటాలుంటే ఎక్కువ, కాల్చేది ఒకటో రెండో. ఆ ఒక్కటి ఎక్కడ తగిలిందన్నదే మన బాధ.

ఇదంతా నాకు పుట్టుకతో వచ్చిన జ్ఞానం కాదు. నేనూ మొదట .308 కొన్నవాణ్ణే. ఫోర్ట్‌వర్త్‌కి పడమర తెలిసినాయన రాంచ్ ఉంది. అడవి పందులు అక్కడ పచ్చికంతా దున్నేస్తాయి. 2019 నుంచి ఇక్కడ ప్రైవేటు భూమిలో యజమాని ఒప్పుకుంటే పందులకి హంటింగ్ లైసెన్స్ కూడా అక్కర్లేదు. వెళ్లాం. తొంభై గజాల్లో నిలబడి ఉంది మగపంది. కొట్టాను. తగిలింది, కానీ గుండెకి కాదు, పొట్టకి. మెస్కీట్ పొదల్లోకి దూరింది. మెస్కీట్ అంటే మన సర్కారు తుమ్మ జాతే, అవే ముళ్లు. రెండు గంటలు టార్చిలైట్లతో ఆకుల మీద నెత్తుటి చుక్కలు వెతుక్కుంటూ తిరిగాం. దొరకలేదు. 2,650 ఫుట్-పౌండ్లు ఏం చేసినట్టు?

మర్నాడు షూటింగ్ రేంజ్‌లో ఒక పెద్దాయన, "నీ మేగజైన్ ఇటివ్వు, నేను నింపిస్తా" అన్నాడు. మధ్యలో ఒక డమ్మీ తూటా కలిపాడని నాకు తెలీదు. రెండు పేలాయి. మూడోసారి ట్రిగ్గర్ నొక్కితే 'టిక్' అంది. అంతే. పేలింది లేదు, తన్నింది లేదు. అయినా గొట్టం జానెడు కిందికి వంగింది. తన్నుతుందన్న భయంతో నా కళ్లు ముందే మూసుకుని ఉన్నాయి. పెద్దాయన నవ్వలేదు. "ఇదీ నీ పంది" అన్నాడు.

అప్పుడు .223 కొన్నాను. తూటా అర డాలరు అటూ ఇటూ, .308కి డాలరు దాకా అవుతుంది కాబట్టి ఆ డబ్బుకి రెట్టింపు కాల్చాను. ఆరు నెలలకి భయం పోయింది.

అలాగని .223 అన్నిటికీ చాలుతుందనను. మగపంది భుజాల మీద కవచం లాంటి గట్టి పలక ఉంటుంది. రేంజ్‌లో వాడే చవక బుల్లెట్ దానికి పనికిరాదు, వేట కోసం చేసిన గట్టి బుల్లెట్ కావాలి, దూరమూ తగ్గించుకోవాలి. జింక విషయంలో రాష్ట్రానికో రూలు. టెక్సస్‌లో .223 చెల్లుతుంది. వర్జీనియాలో కనీసం .23 ఉండాలి, కొలరాడోలో .24. ఎల్క్‌ని (పెద్ద జాతి జింక) కొట్టాలంటే నేనూ .308 కిందికి దిగను. మధ్యేమార్గం కావాలా? .243 ఉంది. .308 తూటా మూతినే సన్నంగా నొక్కి 1955లో తెచ్చారు. తన్ను సగమే, జింకకి బాగా సరిపోతుంది. దాన్ని గ్రూపులో ఎవరూ ఎత్తరు, పేరులో గంభీరం లేదు కాబోలు.

ఇంటి రక్షణకి .308 అనేవాళ్లు ఒకసారి మీ ఇంటి గోడని వేలితో కొట్టి చూడండి. చెక్క ఫ్రేముకి అటో షీట్‌రాక్ (జిప్సమ్ పలక), ఇటో షీట్‌రాక్. ఏ రైఫిల్ బుల్లెట్టయినా దాటిపోతుంది. తేలికపాటి .223 బుల్లెట్ తొందరగా ముక్కలయ్యే అవకాశమైనా ఉంది. .308 మీ గోడ, పక్కింటి గోడ కూడా చూసి వస్తుంది.

పోయిన వారం అడిగిన తమ్ముడికి ఇదంతా ఫోన్‌లో గంటసేపు చెప్పాను. "సరే అన్నా, సరే అన్నా" అన్నాడు. నిన్న ఫోటో పెట్టాడు, కొత్త .308. కింద ముప్ఫై బొటనవేళ్లు. శనివారం రేంజ్‌కి రమ్మన్నాను. రెండు డమ్మీ తూటాలు ఇప్పుడే జేబులో వేసుకున్నా.