కుమ్మరి సారె పక్కన శిష్యుడికి చోటేదీ?

టోక్యోకు ఉత్తరాన దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో మషికో అనే ఊరుంది. 1853లో అక్కడ కుండల పని మొదలైంది. నీళ్ల జాడీలు, రుబ్బుడు గిన్నెలు, టీ కూజాలు చేసి రాజధాని వంటిళ్లకు చౌకగా అమ్ముకునేవారు. ఆ వంటిళ్లలోకి లోహపు పాత్రలు రావడంతో గిరాకీ పడిపోయింది. ఇంతవరకు ఇది మన ఊళ్ల కథే. కానీ మషికోలో ఈరోజు కూడా వందకు పైగా బట్టీలు నడుస్తున్నాయి. మన దగ్గర సారె ఆగిపోయిన ఊళ్లు ఎన్నో.

ఈ తేడాకు షోజి హమాదా అనే ఒక్క కుమ్మరి ప్రతిభే కారణమని చెప్పుకోవడం తేలిక. ఆయన ప్రతిభ నిజమే. అంతకంటే ముఖ్యం, ఆ ప్రతిభను ఆయన ఊరి మధ్యలో ఉంచిన తీరు. 1894లో పుట్టిన హమాదా 1920లో ఆంగ్ల కుమ్మరి బెర్నార్డ్ లీచ్‌తో కలిసి ఇంగ్లండు వెళ్లి, సెయింట్ ఐవ్స్‌లో బట్టీ కట్టారు. 1924లో తిరిగి వచ్చి మషికో చేరారు. ఆ ఊరి మట్టి ముతకది, ఇసుక పాలు ఎక్కువ. ఆయన అదే మట్టితో పని చేశారు. స్థానికంగా దొరికే రాతిపొడితో ఎర్రటి గోధుమరంగు పూత, వరి ఊక బూడిదతో తెల్లటి పూత తయారు చేసుకున్నారు. సారెను కర్రతో తిప్పేవారు. కుండలపై సంతకం పెట్టేవారు కారు.

1955లో జపాన్ ప్రభుత్వం ఆయనను 'సజీవ జాతీయ నిధి'గా గుర్తించింది. సంప్రదాయ కళల్లో నిపుణులకు ఇచ్చే గౌరవమది. అంత పేరు వచ్చాక కూడా ఆయన పనిశాల ఊరివాళ్లతో, కొడుకులతో, శిష్యులతో నిండి ఉండేది. హమాదా పెద్ద పళ్లేన్ని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో గరిటెడు పూతను దాని మీద అడ్డంగా ఒక్క ఊపులో పోసేవారు. పదిహేను సెకన్ల పనికి ఇంత విలువా అని ఎవరో అడిగితే, పదిహేను సెకన్లు కాదు, దాని వెనుక అరవై ఏళ్లున్నాయని చెప్పారట. ఆ అరవై ఏళ్లను చూడగలిగింది ఆయన పక్కన రోజూ మట్టి తొక్కినవాళ్లే.

వాళ్లలో తత్సుజో షిమావోకా ఒకరు. యుద్ధం ముగిశాక 1946లో వచ్చి చేరారు. నన్ను అనుకరించవద్దు, నీ దారి వెతుక్కో అని గురువు పట్టుబట్టారు. షిమావోకా తండ్రి పట్టుతాళ్లు అల్లే పనివాడు. ఆ తాళ్లనే పచ్చి మట్టి మీద దొర్లించి, పడిన అచ్చుల్లో తెల్లమట్టి నింపి, పైపొర గీకి, తనదైన పనితనాన్ని తెచ్చుకున్నారు. 1953లో గురువు ఇంటి పక్కనే బట్టీ కట్టుకున్నారు. 1996లో ఆయనా సజీవ జాతీయ నిధి అయ్యారు.

హమాదాను అనుకరించినవాళ్లూ ఊళ్లో చాలామందే ఉన్నారు. ఆయన వాళ్ల మీద కోపం తెచ్చుకోలేదు. చివరి దశలో, జీవితమంతా సేకరించిన వస్తువులను తన ఆవరణలోనే ప్రదర్శనశాలగా మార్చి 1977లో తెరిచారు. నేర్చుకునేవాళ్లు మంచి పనిని కళ్లారా చూడాలన్నది ఉద్దేశం. మరుసటి ఏడాదే కన్నుమూశారు. 2011 భూకంపానికి వాలు మీద మెట్లు మెట్లుగా కట్టిన ఆయన బట్టీ దెబ్బతింటే, బాగు చేశాక పదుల కొద్దీ కుమ్మరులు తమ కుండలన్నీ కలిపి అందులో కాల్చారు. గురువు పోయిన మూడు దశాబ్దాల తర్వాత కూడా ఆ బట్టీని తమదిగా భావించేవాళ్లు ఊళ్లో మిగిలారు.

మన దేశంలోనూ ఇది సాధ్యమే. 1970 ప్రాంతంలో మషికోలో హమాదా పనిని దగ్గరగా చూసిన అమెరికన్ కుమ్మరి డెబొరా స్మిత్, తోటి కుమ్మరి రే మీకర్‌తో కలిసి 1971లో పుదుచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ అనే కుండల పనిశాలను నెలకొల్పారు. నేటి భారతీయ కుండల కళాకారుల్లో ఎందరో అక్కడ పని నేర్చుకున్నవాళ్లే.

తెలుగు రాష్ట్రాల్లో మొల్లను కుమ్మరి ఇంటి ఆడపడుచుగా గర్వంగా తలచుకుంటాం. పెళ్లికి ఐరేని కుండలు కుమ్మరి ఇంటి నుంచే రావాలంటాం, బోనానికి కొత్త కుండ కావాలంటాం. ఆ కుండ చేసే ముసలాయన పక్కన ఒక కుర్రవాడు రెండేళ్లు కూర్చోవాలంటే వాడి పొట్ట ఎవరు నింపాలి? ఈ ప్రశ్న దగ్గరికి మన పథకాలు రావడం లేదు. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో కుమ్మరి పని కూడా ఉంది. పనిముట్లకు రూ.15,000, శిక్షణలో రోజుకు రూ.500 భృతి, తక్కువ వడ్డీకి రుణం ఇస్తున్నారు. ఇవి అవసరమే, కాదనను. కానీ ప్రాథమిక శిక్షణ వారం లోపే ముగుస్తుంది, పైస్థాయి శిక్షణ పదిహేను రోజులు. కుండ అడుగును చెక్కతో తట్టి సమంగా పలచన చేసే నేర్పు ఆ రోజుల్లో చేతికి రాదు. పైగా కుటుంబానికి ఒక్కరికే లబ్ధి. తండ్రి పేరు నమోదైతే, ఆయన దగ్గరే నేర్చుకోవలసిన పెళ్లికాని కొడుకుకు, కూతురికి దారి మూసుకుపోతుంది.

వృద్ధ కుమ్మరికి శాలువా కప్పడంతో ఆగకుండా, శిష్యుణ్ణి చేర్చుకున్నందుకు నెలనెలా గౌరవ వేతనం ఇవ్వాలి. ఆ శిష్యుడికి కనీసం రెండేళ్లు భృతి ఇవ్వాలి, కులం ఏదైనా, అమ్మాయైనా అబ్బాయైనా. చెరువు మట్టి తెచ్చుకోవడానికి కుమ్మరి ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేకుండా చూడాలి. వీటన్నిటికంటే ముందు, ఒక కాగితంతో మార్చగలిగినది, ఆ 'కుటుంబానికి ఒక్కరే' నిబంధన.