గడప గారికి సంజాయిషీ నోటీసు

తిరుపతి,
కార్తిక శుక్రవారం.

మహారాజశ్రీ మా వీధి గుమ్మపు పాత గడప గారి సముఖమునకు,

ప్రస్తుతం తమరు పెరట్లో కొబ్బరి చెట్టు మొదట్లో రెండు ఇటుకల మీద విశ్రాంతి తీసుకుంటున్నారు కనుక, ఈ లేఖను తీరిగ్గా చదువుకోగలరని తలుస్తాను. 1999లో గృహప్రవేశం నాడు కొలువులో చేరిన తమరు, ఒక ఇంటి ఆయుష్షంతా కాయవలసింది పోయి, ముందుగా ఒక్క మాటైనా చెప్పకుండా పుచ్చిపోయి, ద్వారబంధపు రెండు నిలువు చెక్కలను కూడా అడుగున జానెడు మేర తమ వెంట తీసుకుపోయినందుకు సంజాయిషీ అడగవలసిందేనని ఇంటిల్లిపాదీ తీర్మానించాము. నేరారోపణ పత్రం రాసే పని, చదువుకున్నవాడినని, నాకు అప్పగించారు.

రాయడానికి కూర్చున్నాక మొదటి చిక్కు ఎదురైంది. తమరు ముందుగా చెప్పలేదన్న ఆరోపణ నిలిచేలా లేదు. అక్టోబరులో ఈశాన్య ఋతుపవనాలు మొదలయ్యీ కాకముందే తలుపు ఉబ్బి గడపను పట్టేసేది. మేము ఆచారిని పిలిపించి తలుపు అడుగున చిత్రిక పట్టించేవాళ్ళము. ఏప్రిల్ ఎండలకు అదే తలుపు ఎండి కుంచించుకుపోయి, బల్లి వంగకుండా నడిచి వచ్చేంత సందు ఏర్పడేది. ఇలా మూడు సార్లు చిత్రిక పట్టించాము గాని, తడి ఎక్కడి నుంచి వస్తున్నదని ఒక్కసారి కూడా వంగి చూడలేదు. తరువాత మూలన నల్లటి మరక కనబడితే చెదలని నిశ్చయించి మందు కొట్టించాము. చెదలైతే మట్టి గొట్టాలు కట్టుకుంటూ నేలలో నుంచి పైకి వస్తాయి. తమ ఒంటి మీద మట్టి రవ్వంతైనా లేదు. అది కట్టెను కుళ్ళబెట్టే బూజు, అంటే ఫంగస్. బూజుకు పురుగుల మందు కొట్టించిన ఘనత మాది.

తుదకు వచ్చిన వడ్రంగి ఏమీ మాట్లాడకుండా స్క్రూడ్రైవరు తీసి తమ ఎడమ చివరన పెట్టి నొక్కాడు. అది పెరుగులో గరిటె దిగినట్టు పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే కట్టె చిన్న చిన్న గోధుమ రంగు పలకలుగా విరిగి, వేళ్ళ మధ్య నలిపితే పొడి అయింది. తడిసిన పుట్టగొడుగుల వాసన వచ్చింది. అతను పైపొరను గోటితో ఒలిచి నా వైపు చూశాడు. "సామీ, ఈడ కట్టె యాడుండాది? పైన పెయింటు, కింద సిమెంటు, నడుమ పసుపు. అంతే."

ఆ మూడూ మేము పెట్టినవే కావడం రెండవ చిక్కు. గడప అంటే మాకు మామూలు భక్తి కాదు. కొండ మీద గర్భగుడి గడపకు కులశేఖర ఆళ్వారు పేరు పెట్టుకుని, స్వామి ఎదుట మెట్టుగా పడి ఉంటే చాలునని కోరుకున్న ఆయనను తలుచుకునే ఊరు మాది. తిరుమలకు గడప కనుకనే కడపకు ఆ పేరు వచ్చిందని చెప్పుకునే సీమ మాది. కనుక వారం వారం తమరికి అభిషేకం జరిపించాము. శుక్రవారం తెల్లవారకముందే రెండు చెంబుల నీళ్ళు, పసుపు, కుంకుమ, ఆ మీద వాకిట్లో కల్లాపి. కట్టెలో తడి 20 శాతానికి లోపు ఉన్నంతకాలం బూజుకు అందులో బతుకు లేదు. తమరిని ఆ అంకె కిందికి దిగనివ్వకుండా భక్తితో కాపాడుకుంటూ వచ్చాము. నిలువు చెక్కల అడుగుకొనల సంగతి ఇంకా ఘోరం. కట్టె పక్కల నుంచి తాగే నీటికన్నా కోసిన కొన నుంచి తాగేది ఎన్నో రెట్లు ఎక్కువ, ఆ కొనలేమో నేరుగా తమ తడి వీపు మీద కూర్చున్నాయి.

తరువాత వారం వారం పసుపు రాసే ఓపిక తగ్గి, పసుపుపచ్చ ఎనామెల్ పూసి ఎర్ర చుక్కలు పెట్టించాము. తడి కట్టె మీద పూసిన ఆ రంగు లోపలి నీటిని ఆరిపోనివ్వకుండా కడుపులోనే దాచింది. పగుళ్ళు కనబడితే తెల్ల సిమెంటుతో మెత్తాము. వరండాకు కొత్త టైల్స్ వేయించినప్పుడు నేల రెండు అంగుళాలు లేచి, తమరు గుంటలో పడ్డారు. తూర్పు గుమ్మం శుభమన్న వాస్తు మాట విని, ఈశాన్యపు జల్లు తిన్నగా ముఖాన కొట్టే చోట తమరిని నిలబెట్టి, పైన గొడుగుగా జానెడున్నర సన్‌షేడ్ మాత్రం ఇచ్చాము. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైనప్పుడు నీళ్ళు తమ మీదుగా హాలులోకి వచ్చాయి. హాలు ఆరబెట్టుకున్నాము, తమరిని మరిచాము.

మరమ్మతు అప్పుడైనా జరగవలసింది. గడప కదిలించాలంటే ముహూర్తం ఉండాలని పెద్దలన్నారు. ఆషాఢం, ఆ తరువాత మూఢం, ఆపైన అన్నయ్యకు తారాబలం కుదరకపోవడం. బూజు మాత్రం పంచాంగం చూడకుండా పని చేసుకుపోయింది.

ఈ నెలలో పని పూర్తయింది. కొత్త గడపకు ఏ కట్టె అన్న చర్చలో మా బావమరిది శేషాచలం వైపు చూపించి ఎర్రచందనం అన్నాడు. ఆ కట్టె దొంగలను పట్టడానికి ప్రత్యేకంగా ఒక టాస్క్‌ఫోర్స్ ఉన్న ఊళ్ళో ఇలాంటి జోకులు గట్టిగా వేయరాదని అతన్ని మందలించి టేకు తెప్పించాము. వడ్రంగి నిలువు చెక్కలను పుచ్చు కనబడినంత వరకే కాక, గట్టి కట్టె తగిలాక మరో రెండు అంగుళాలు పైకి కోశాడు. కోతను బయటికి వాలుగా పెట్టాడు, అతుకులో నీరు నిలవకూడదట. పాత కట్టెకు, కొత్త ముక్కలకు వేడినీళ్ళలో కరిగించిన బోరాక్సు, బోరిక్ ఆసిడ్ రెండు పూతలు పట్టించి, బాగా ఆరాక ఎపాక్సీతో అతికి, తుప్పు పట్టని స్క్రూలు బిగించాడు. కోసిన ప్రతి కొనకూ బిగించక ముందే ప్రైమరు తాగించాడు. కొత్త గడప అడుగున, బయటి అంచు వెంబడి, వేలు పట్టేంత గాడి తీశాడు. నీటిబొట్టు లోపలికి పాకకుండా అక్కడే రాలిపోవడానికి. టైల్స్ రెండు వరుసలు పగలగొట్టించి నేలను మళ్ళీ దించాము.

గొడవంతా పైభాగపు వాలు దగ్గర వచ్చింది. వాలు గడప మీద కుంకుమ నిలవదని అమ్మ, చదును గడప మీద నీళ్ళు నిలుస్తాయని వడ్రంగి. లోపలి సగం చదును, బయటి సగం వాలు అని సాయంత్రానికి రాజీ కుదిరింది.

కాబట్టి తమరిపై ఆరోపణలన్నీ ఉపసంహరించుకుంటున్నాము. తమరిని పొయ్యిలో పెట్టడానికి అమ్మ ఒప్పుకోలేదు, తొక్కే చోట వేయడానికీ ఒప్పుకోలేదు. అందుకే ఇటుకల మీద ఉంచాము. ఈ ఉదయం ఆమె అలవాటుగా రెండు చెంబుల నీళ్ళతో వాకిలి దగ్గరికి వచ్చి, కొత్తవారిని చూసి కాసేపు నిలబడి, పైట చెంగు తడిపి తుడిచి, పసుపు రాసింది. చెంబులు అలాగే పట్టుకుని పెరట్లోకి వచ్చి, నీళ్ళు తమరి మీద పోసి వెళ్ళింది.

ఇట్లు,
25 ఏళ్ళు తమరిని తొక్కకుండా జాగ్రత్తగా దాటిన,
ఈ ఇంటి చిన్న కొడుకు.