ఫ్రిజ్ మీద కాగితం

(వంటింట్లో ఫ్రిజ్ తలుపుకి అంటించిన కాగితం ముందు ఇద్దరు. ఇంట్లో పెద్దాయనకి గుండె జబ్బు. ఏదైనా జరిగితే ఏ ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి, అక్కడి డాక్టర్లు ఎవరు, వాళ్ల చదువులేంటి అని వదిన రాసి పెట్టింది. మరిదికి అదో పెద్ద జోకు.)

మరిది: వదినా, మీరు డాక్టర్ని వెతుకుతున్నారా, సంబంధం చూస్తున్నారా? ఎక్కడ చదివాడు, ఎప్పుడు పాసయ్యాడు, నంబరెంత... జాతకమొక్కటే తక్కువ.

వదిన: సంబంధమైతే నెల రోజులు ఆలోచించుకోవచ్చు శ్రీనూ. దీనికి అంత టైము ఉండదు. అందుకే ముందే చూస్తున్నా.

మరిది: టైము లేదనేగా నేనూ అంటున్నది. నాన్నకి అర్ధరాత్రి నొప్పొస్తే అంబులెన్సు వాళ్లు తీసుకెళ్లిన చోటికి వెళ్తాం. ఆ పూట డ్యూటీలో ఎవరుంటే వాళ్లే చూస్తారు. షిఫ్టుల ఉద్యోగం అది. మీరు ఏరి కోరి పట్టుకున్న మనిషి ఆ టైముకి ఇంట్లో నిద్రపోతుంటాడు.

వదిన: పోనీ. అంబులెన్సు వాళ్లు ఎక్కడికంటే అక్కడికే, కాగితం పట్టుకుని వాళ్లతో పోట్లాడను. నేను చూస్తున్నది ఒక్క మనిషిని కాదు. ఆ విభాగంలో ఈ చదువు చదివినవాళ్లు అసలు ఉన్నారా అని. గోడ మీద '24 గంటల ఎమర్జెన్సీ' అని రాయడానికి పెయింటు చాలు.

మరిది: లైసెన్సు లేనివాళ్లని పెట్టుకోరుగా!

వదిన: లైసెన్సు వేరు, స్పెషాలిటీ వేరు. రిజిస్టర్లో పేరుంటే ఆయన డాక్టరని అర్థం, అంతే. చర్మం డాక్టరు పేరూ అక్కడే ఉంటుంది. ఎమర్జెన్సీ మెడిసిన్‌లో పీజీ చేశాడా, ఆ పరీక్ష పాసయ్యాడా అన్నది విడిగా చూడాలి. బ్రిటన్‌లో జనరల్ మెడికల్ కౌన్సిల్ రిజిస్టరు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు, స్పెషలిస్టు అవునో కాదో అందులోనే తెలుస్తుంది. అమెరికాలోనైతే లైసెన్సు సంగతి రాష్ట్ర బోర్డు చెప్తుంది, స్పెషాలిటీ సర్టిఫికెట్ సంగతి ఇంకో బోర్డు చెప్తుంది. రెండు చోట్లా చూసుకోవాలి.

మరిది: మరి పాతకాలం వాళ్ల సంగతి? ఈ స్పెషాలిటీకి గుర్తింపు వచ్చిందే అమెరికాలో 1979లో, భారత్‌లో 2009లో. అంతకు ముందు క్యాజువాలిటీలో చెయ్యి తిరిగిన సర్జన్లు, ఫిజీషియన్లు ఎంతమంది! మీరడిగే అక్షరాలు వాళ్ల పేరు పక్కన ఉండవు. కొట్టేస్తారా?

వదిన: (కాసేపు ఆగి) కొట్టెయ్యను. ఎన్నేళ్లు చేశారు, ఎక్కడ చేశారు అని అడుగుతా. ఇప్పుడే చదువు పూర్తిచేసినవాడికి మాత్రం ఆ సాకు చెల్లదు. అక్షరాలంటే గుర్తొచ్చింది. ఒకాయన పేరు పక్కన బీఎల్‌ఎస్, ఏసీఎల్‌ఎస్ అని బారుగా ఉంటే మురిసిపోయా. తీరా చూస్తే అవి కొద్దిపాటి కోర్సులు, గుండె ఆగినప్పుడు ఏం చెయ్యాలో నేర్పేవి. నర్సులూ చేస్తారు. రెండేళ్లకి కార్డు గడువు తీరిపోతుంది. ఉండాల్సిందే, కానీ అది డిగ్రీ కాదు.

మరిది: ఈ రెండో పేరు పక్కన ప్రశ్న గుర్తేంటి?

వదిన: రిజిస్టర్లో అదే పేరుతో ముగ్గురున్నారు. మొదట దొరికినాయన 1988లో పట్టా తీసుకున్నాడు. మనం చూసినాయనకి ముప్ఫై అయిదు కూడా ఉండవు. పుట్టక ముందే డాక్టరైపోయాడన్నమాట! పేరుతో వెతికితే ఇదే గోల. రిజిస్ట్రేషన్ నంబరు కావాలి.

మరిది: సరే, నంబరూ దొరికింది, చదువూ ఉందనుకోండి. పెద్ద గుండెపోటైతే మూసుకుపోయిన రక్తనాళాన్ని ఆసుపత్రికి చేరిన 90 నిమిషాల్లోపు తెరవాలంటారు. తెరిచేది కార్డియాలజిస్టు. ఆ పని చేసే గదికి, అదే క్యాథ్ ల్యాబ్‌కి, రాత్రి తాళం వేసుంటే మీ గోల్డ్ మెడల్ డాక్టరు ఏం చేస్తాడు? పక్షవాతమైతే సీటీ స్కాన్ చెయ్యాలి. రక్తం గడ్డని కరిగించే మందు మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. ఇంత పెద్ద కాగితంలో క్యాథ్ ల్యాబ్ అన్న మాటే లేదు వదినా!

వదిన: (పై నుంచి కింది దాకా మళ్లీ చదివి) ...లేదు.

(ఇక్కడ మరిదే గెలిచాడు. కాకపోతే ఏమీ చూడక్కర్లేదని మొదలుపెట్టినవాడు, ఇంకా చాలా చూడాలని తేల్చాడు. ఆ సంగతి అతనికింకా తట్టలేదు.)

వదిన: కానీ శ్రీనూ, లోపలికి అడుగుపెట్టిన పది నిమిషాల్లో ఈసీజీ తీయించి చదవాల్సింది ఎమర్జెన్సీ డాక్టరేగా? ఆయన దాన్ని గ్యాస్ నొప్పి అనుకుని మాత్ర ఇచ్చి పంపేస్తే, నీ క్యాథ్ ల్యాబ్ తలుపులు బార్లా తెరిచి ఉండి ఏం లాభం?

(మరిది మాట్లాడడు. ఫ్రిజ్ మీదున్న పెన్ను తీసి, కాగితం చివర రెండు గీతలు గీసి, ఒకదాని పక్కన 'క్యాథ్ ల్యాబ్, రాత్రి?' అనీ ఇంకోదాని పక్కన 'సీటీ, రాత్రి?' అనీ రాస్తాడు.)

మరిది: నంబరు చెప్పండి, కనుక్కుందాం. అంబులెన్సుది కాదు, ఆసుపత్రి మామూలు నంబరు.

వదిన: చెప్తా, ఇప్పుడే చెయ్యి.

మరిది: ఇప్పుడా? పదకొండు దాటింది!

వదిన: పగలు అడిగితే అందరూ ఉన్నారనే చెప్తారు.