పొగగొట్టం మీది పక్షి, భుజం మీది వస్త్రం

బల్లిశాస్త్రం పంచాంగం వెనక పేజీలకే పరిమితమైపోయిందని దిగులుపడేవారికి 2025 మే 8న వాటికన్ నుంచి పెద్ద ఊరట లభించింది. సిస్టీన్ చాపెల్ లోపల 133 మంది కార్డినళ్లు ఫోన్లు అప్పగించి, తలుపులు బిగించుకుని కొత్త పోప్‌ను ఎన్నుకుంటుండగా, పైకప్పు మీద పొగగొట్టం పక్కకు ఒక సీగల్ పక్షి పిల్లతో సహా విచ్చేసింది. ఇక కెమెరాలకు వేరే పని లేదు. ఓటేస్తున్నవారిలో మన హైదరాబాద్ ఆర్చిబిషప్, తొలి దళిత కార్డినల్ పూల ఆంథోనీ గారు ఉన్నారన్న సంగతి కంటే పక్షి పెద్ద వార్త. అది ఎడమకు నడిస్తే ఇటలీకి, కుడికి నడిస్తే ఆసియాకు అవకాశమనీ, ముక్కుతో రెక్క దువ్వుకుంది కనుక మూడో విడతలో ఓట్లు చీలాయనీ ఏ నిపుణుడూ తేల్చలేదని నేనైతే ప్రమాణం చేయలేను. పాపం, కొత్త పోప్ ఎన్నికయ్యారని చాటే తెల్లపొగ తొందరపడి చర్చను చెడగొట్టింది.

షికాగోలో పుట్టి, పెరూలో ఏళ్ల తరబడి సేవ చేసిన రాబర్ట్ ప్రెవోస్ట్ పద్నాలుగో లియోగా బాల్కనీలోకి వచ్చి, మీ అందరికీ శాంతి కలుగుగాక అన్నారు. నిపుణులకు ఆ మాట వినబడలేదు, ఎర్రటి భుజవస్త్రం మాత్రం కనబడింది. 2013లో పోప్‌గా ఎన్నికైనప్పుడు ఫ్రాన్సిస్ దాన్ని వేసుకోలేదు కనుక ఆయన శకం అంతటితో ముగిసిందని తీర్మానించేశారు. కొత్త పోప్ ఏ బేస్‌బాల్ జట్టు అభిమాని అన్న మహా వివాదాన్ని తేల్చడానికి సాక్షాత్తూ ఆయన అన్నగారే నోరు విప్పాల్సి వచ్చింది.

మే 11న కొత్త పోప్ ఇక యుద్ధం వద్దన్నారు, గాజాలో వెంటనే కాల్పులు ఆపమన్నారు, బందీలను విడిచిపెట్టమన్నారు. ఈ మాటలకు భాష్యకారులు అక్కర్లేదు, అందుకే కాబోలు ఎవరూ పట్టించుకోలేదు. మే 18న బాధ్యతలు స్వీకరించిన రోజున, అమెరికా ఉపాధ్యక్షుడు వాన్స్, ఇజ్రాయెల్ అధ్యక్షుడు హెర్జోగ్ అక్కడ ఉండగానే, గాజాలో ప్రాణాలతో మిగిలిన పిల్లలూ ముసలివాళ్లూ ఆకలితో అలమటిస్తున్నారని చెప్పారు. విన్నారు, చేతులు కలిపారు, ఫొటోలు దిగారు, వెళ్లిపోయారు. జూలై 17న గాజాలో ఉన్న ఒకే ఒక్క కాథలిక్ చర్చి మీద ఇజ్రాయెల్ ఫిరంగి గుండు పడి ముగ్గురు చచ్చిపోయారు. పొరపాటట! నెలల తరబడి మనుషుల నెత్తిన గుండ్లు కురిపిస్తూ, ఒక్కటి గుడి మీద పడగానే పొరపాటనడానికి నోరెలా వచ్చింది? ఆ ఆదివారం పోప్ ముగ్గురి పేర్లూ చదివి వినిపించారు. పక్షి అడుగులు లెక్కపెట్టిన మేధావుల్లారా, వాటిలో ఒక్క పేరైనా మీలో ఎవరికైనా గుర్తుందా?