పాత జిగురు గారికి విన్నపం

మహారాజశ్రీ ఎపాక్సీ జిగురు గారి సముఖానికి,

తమరు క్షేమమే, చూస్తూనే ఉన్నాను. ఈ మధ్యాహ్నమంతా అసిటోన్ దూదితో తమ సేవ చేశాను. ఉలకలేదు, పలకలేదు. భూతద్దం కింద సన్నకత్తితో గీరితే ఆవగింజంత రాలారు. వెంట పుతుతు, అంటే అండీస్ కొండలవాళ్లు ఊదే శంఖం, దాని పెంకూ కాస్త లేచివచ్చింది. అక్కడితో చెయ్యి ఆపేశాను.

ఆ అండీస్ శంఖానికి తమరిని పూసిన మహానుభావుడెవరో రికార్డులో లేదు. తేదీ లేదు, సంతకం లేదు. ఊదే కొన దగ్గర విరిగిన ముక్కను వెంట్రుకవాసి పక్కకు జరిపి మరీ అంటించారు. నాదం కొలుద్దామని గాలి పంపితే ఆ సందులోంచి బుస్సుమని పోతోంది. పైగా తమరు పచ్చబడ్డారు కూడా, దూరం నుంచే కనిపించేట్టు!

పెరూలోని చావీన్ దె వాంతార్‌లో 2001 తవ్వకాల్లో 20 పుతుతులు బయటపడ్డాయి. తర్వాత వాటిని ఊదించి, వాద్యకారుడి నోట్లోనూ శంఖం లోపలా మైకులు పెట్టి ధ్వనిని పట్టుకున్నారు. సుమారు మూడు వేల ఏళ్లనాటి పెంకులు, ఇంకా పలుకుతున్నాయి! వెచ్చటి సముద్రపు శంఖాన్ని 3,180 మీటర్ల ఎత్తున్న ఆ కొండల్లోకి మనుషులు మోసుకెళ్లారు. కొన కోసి, అంచున గాటు పెట్టి, చేతులు తాకి తాకి నున్నబడేదాకా వాడారు. నా దగ్గరున్న దాని నోరు మాత్రం తమరు నొక్కేశారు.

చెక్క బీరువా గారికి విడిగా రాస్తాను. ఆయన వదిలే ఆమ్లపు ఆవిరికి పెంకు మీద తెల్లటి లవణం పేరుకుంటోంది. ‘ఒక్కసారి ఊదండి సార్’ అనే సందర్శకులకు ఓ నమస్కారం, అంతే.

తమరు లేకుంటే ఆ ముక్క ఏ సంచిలోనో పోయేదని ఒప్పుకుంటాను. అయినా మళ్లీ ఊడదీయగలిగే జిగురు, పారలాయిడ్ బి-72 లేదా? అసిటోన్ తగిలితే మర్యాదగా తప్పుకుంటుంది. అతికించేవాడు ఊడదీసేవాడి గురించి ఒక్క క్షణం ఆలోచించొద్దా? గట్టిగా పట్టుకోవడమే గొప్పనుకున్నాడు. వాడి చేతికి నిన్నిచ్చిందెవరురా అసలు?

రేపు జెల్ పట్టీ వేస్తున్నాను. ఉబ్బు, మెత్తబడు, ఊడిరా. ముక్కను మాత్రం నాకు వదిలెయ్.

ఇట్లు,
వేలికొసలు ఒలిచిపోయిన మరమ్మతుదారు